నీలం లేని సముద్రం

గత నెలలో ప్రొద్దుటూరులో ఒక పాత కల్యాణమండపం మేడమీది గదిలో నా చిత్రాలు పద్నాలుగింటిని మూడు రోజులపాటు గోడలకు తగిలించాను. అన్నీ సముద్రతీరానివే. రెండో రోజు సాయంత్రం బడి సంచి భుజాన వేసుకొనే వచ్చిన ఏడో తరగతి పాప ఒకతె, అన్నిటికంటే పెద్ద చిత్రం ముందు చాలాసేపు నిలబడి, "సార్, సముద్రం నీలంగా కదా ఉండేది, మీరు ఎర్రమన్ను రంగు ఎందుకేసినారు?" అని అడిగింది. "అది రంగు కాదు తల్లీ, మన్నే. మన పెన్నేటి మన్ను" అని మాత్రం చెప్పగలిగాను. వెనుక ఇంకా జనం ఉండడంతో ఆ పాప ముందుకు కదిలిపోయింది. ఆ ప్రశ్నకు దక్కవలసిన జవాబు అంత చిన్నది కాదు. దాదాపు పదేళ్ళుగా నేను వేస్తున్న బొమ్మలన్నీ ఆ జవాబు చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి, దాన్ని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఇంటి వాకిట్లో ఒక పెద్ద బండ ఉంది. మా తాత ఇల్లు కట్టేటప్పుడు వేంపల్లె వైపు నుంచి ఎద్దులబండి మీద తెప్పించాడట. దాని మీద వేలి మందాన సన్నని అలలు, ఒకదాని వెనుక ఒకటిగా, వాలుగా పరుచుకొని ఉంటాయి. చిన్నప్పుడు ఆ గాళ్ళలో నీళ్ళు పోసి పారించి ఆడుకునేవాళ్ళం. రాళ్ళు కొట్టేవాళ్ళ ఉలి గుర్తులేమో అనుకునేవాణ్ణి. అవి నిజమైన అలల గుర్తులని, లోతు తక్కువ నీటి అడుగున ఇసుక మీద అలలు వదిలిన గీతలే రాయిగా గట్టిపడ్డాయని చాలా ఏళ్ళ తరువాత ఒక భూగర్భశాస్త్ర ఉపాధ్యాయుడు చెబితే తెలిసింది. కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాలలో నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన శిలల సముదాయాన్ని శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అంటారు. అందులో వేంపల్లె రాళ్ళు దాదాపు 190 కోట్ల ఏళ్ళ కిందటివి. ఆనాటి లోతు తక్కువ సముద్రంలో బతికిన సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు ఆ రాళ్ళలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ సంగతి విన్న రోజు ఇంటికి వచ్చి ఆ బండ మీద అరచేయి పెట్టి కూర్చున్నాను. మా సీమకు సముద్రం లేదని అంతవరకూ నేనూ అందరిలాగే అనుకున్నాను.

నిజమైన సముద్రాన్ని నేను మొదట చూసింది పంతొమ్మిదో ఏట, నెల్లూరు దగ్గరి మైపాడులో. ఆ తరువాత కొన్నేళ్ళపాటు సెలవు దొరికినప్పుడల్లా తీరానికి పోయి నీటిరంగులతో బొమ్మలు వేశాను. ఆ బొమ్మలు ఇప్పుడు చూస్తే బాధగా ఉంటుంది. అందంగానే ఉన్నాయి గాని, అవి పోస్టుకార్డుల మీద కనిపించే సముద్రాన్ని చూసి వేసినట్టున్నాయి. నేను కొనుక్కున్న గొట్టంలో ఏ నీలం ఉందో ఆ నీలమే నీటికీ అంటింది. నేను వర్షాధారపు పంటల ఊరిలో పుట్టి, వాన కోసం ఆకాశం వైపు చూసే మనుషుల మధ్య పెరిగినవాణ్ణి. అలాంటివాడు తీరం దగ్గర నిలబడినప్పుడు చూడవలసింది ఏదో ఉందని, దాన్ని నేను చూడడం లేదని మనసులో ఒక వెలితి ఉండేది.

ఆ వెలితి తీరింది ఊటుకూరు దగ్గర, పెన్న సముద్రంలో కలిసే చోట. పెన్న కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప జిల్లాలను దాటి, నెల్లూరు పక్కగా పోయి, 597 కిలోమీటర్ల ప్రయాణం తరువాత అక్కడ బంగాళాఖాతంలో కలుస్తుంది. మా ఊరి వంతెన కింద పిల్లలు క్రికెట్ ఆడుకునే ఇసుక ఏరు చివరికి ఎలా ఉంటుందో చూడాలని ఒక వేసవిలో వెళ్ళాను. ఏరు సముద్రాన్ని చేరడం లేదు. మొగ దగ్గర ఇసుక మేట అడ్డంగా పడి, ఇవతల కదలని నీళ్ళు, అవతల అలలు ఉన్నాయి. తీరం వెంబడి కొంతదూరం నడిస్తే సరుగుడు చెట్లు కొన్ని వేళ్ళు బయటపడి నీటివైపు ఒరిగి ఉన్నాయి. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన, నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చానని తెలిసి, పని ఆపి నా వైపు తిరిగి ఇలా అన్నాడు: "మా చిన్నప్పుడు వరదొస్తే మీ ఏరు మన్ను తెచ్చేది సామీ. సముద్రం కనుచూపు మేర ఎర్రగా ఉండేది. ఇప్పుడు నీళ్ళే సరిగా రావడంల్యా, మన్నెక్కడొస్తుంది? మన్ను రాకపోతే ఈ దరి ఏం తిని నిలబడతాది?"

దరి తింటుందన్న ఆ మాటను నేను ఎన్నడూ మరిచిపోలేదు. దానిలో ఉన్న విజ్ఞానం నాకు తరువాత చదివిన కొద్దీ తెలిసివచ్చింది. సముద్రతీరం జమాఖర్చుల పద్దు వంటిది. అలలు రోజూ ఇసుకను తోడుకుపోతాయి, తీరం వెంబడి ఒక చోటినుంచి ఇంకో చోటికి నడిపిస్తాయి. మన తూర్పు తీరంలో నైరుతి గాలుల కాలంలో ఇసుక ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి నడుస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అలా పోయిన దానికి బదులు నదులు కొత్త ఇసుకనూ ఒండ్రునూ తెచ్చి పోస్తాయి. ఆ జమ ఆగిపోతే మిగిలేది ఖర్చే. పెన్న మీద గండికోట, మైలవరం, సోమశిల జలాశయాలున్నాయి. సోమశిల ఒక్కటే 78 టీఎంసీల నీటిని పట్టగలదు. కదిలే నీటికి మన్నును మోసే బలం ఉంటుంది. నీటిని నిలబెట్టగానే ఆ బరువు అడుగున దిగిపోతుంది. కర్నూలు వాళ్ళకు బాగా తెలిసిన తుంగభద్ర డ్యామునే చూడండి. 1953లో నీళ్ళు నింపడం మొదలైన నాటికి దాని సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. పూడిక చేరి ఇప్పుడది సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. ఆ తేడా 28 టీఎంసీలు, ఘనపు మీటర్లలో లెక్కిస్తే దాదాపు 79 కోట్లు. అంత మన్ను హోస్పేట దగ్గరే ఆగింది. అడ్డుకట్ట లేకుంటే అందులో చాలా భాగం కర్నూలు మీదుగా కృష్ణలో కలిసి హంసలదీవి దాకా పోవలసినది.

జలాశయాలు వద్దని నేను అనడం లేదు. గండికోటకు నీళ్ళు రావాలని ఎదురుచూసిన ఊళ్ళలో మా బంధువులూ ఉన్నారు, నీటి విలువ ఈ సీమలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. అయితే మనం నిలుపుకున్న నీటితోపాటు మరొకరికి చేరవలసిన నేలను కూడా నిలుపుకున్నామని, ఆ లెక్కను మనం ఎక్కడా రాసుకోలేదని అనిపించింది. ఆ రోజు ఊటుకూరు నుంచి తిరిగి వస్తూ దారి పొడవునా అదే ఆలోచన. నేను వేయవలసిన బొమ్మ ఆ రాయని లెక్క గురించేనని నిశ్చయించుకున్నాను.

నీలాన్ని విడిచిపెట్టే ధైర్యం మాత్రం లేపాక్షి ఇచ్చింది. వీరభద్రాలయం పైకప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలను నేను విద్యార్థిగా ఉన్నప్పటినుంచి ఎన్నోసార్లు చూశాను. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ తిరిగేవాణ్ణి. ఆ చిత్రకారుల చేతిలో జేగురు, పసుపుమన్ను, నలుపు, తెలుపు, కొంత ఆకుపచ్చ మాత్రం ఎక్కువగా కనిపిస్తాయి. నీలం దాదాపుగా కనిపించదు. అయినా ఆ పైకప్పులో ఏదో కొరత ఉందని చూసేవాళ్ళకు తోచదు. చీరల అంచులు, శివుని జటలు, పరుగెత్తే పంది అన్నీ ఆ మన్ను రంగులలోనే సంపూర్ణంగా ఉన్నాయి. ఐదు వందల ఏళ్ళ కిందటి మన వాళ్ళు కాళ్ళ కింది నేలతో కైలాసాన్ని చిత్రించగలిగినప్పుడు, అదే నేలతో ఆ నేల చివరికి చేరే సముద్రాన్ని చిత్రించడంలో తప్పేముంది?

పెన్నలోకి నీళ్ళు తెచ్చే ఏరు ప్రతి ఒక్కదాని ఒడ్డునుంచి ఒక శేరు మన్ను తెచ్చుకోవడంతో పని మొదలవుతుంది. పుట్టపర్తి పక్కనుంచి వచ్చే చిత్రావతిది ఎరుపు. నంద్యాల చేలను తడుపుకుంటూ వచ్చే కుందూది నల్లరేగడి. వేంపల్లె మీదుగా వచ్చే పాపఘ్నిది ఇటుకపొడి వంటి రంగు. సగిలేరుది బూడిద కలిసిన గోధుమరంగు. నందలూరు దగ్గర చెయ్యేటి ఒండ్రులో ఎండకు మెరిసే అభ్రకపు తునకలుంటాయి. పసుపుకు మాత్రం బేతంచెర్ల పోతాను. అక్కడి గనుల పసుపుమన్ను పేరుపొందినది. తెచ్చిన మన్నులో వేళ్ళూ రాళ్ళూ ఏరేసి, మట్టికుండలో నానబెట్టి బాగా కలియబెట్టాలి. అర నిమిషం ఆగితే బరువైన ఇసుక అడుగుకు చేరుతుంది. పైనున్న బురదనీటిని రెండో గిన్నెలోకి వంచి మరికాసేపు ఆగితే సన్న ఇసుక దిగుతుంది. మూడో గిన్నెలోకి వంచినదాన్ని రాత్రంతా కదపకుండా ఉంచితే, తెల్లవారేసరికి అడుగున వెన్నలాంటి మెత్తని ముద్ద మిగులుతుంది. పై తేటను వంచేసి, ఆ ముద్దను నాపరాయి మీద నీడలో ఆరబెట్టి, కల్వంలో నూరి, పలుచని గుడ్డలో జల్లించి, తుమ్మబంక నీళ్ళు, రెండు చుక్కల తేనె కలిపితే రంగు సిద్ధమవుతుంది.

ఈ పని కొన్నాళ్ళు చేశాక నాకు ఒక విషయం తట్టింది. నది చేసేదీ ఇదే. వాలు ఉన్నచోట రాళ్ళను వదిలేస్తుంది, మైదానంలో ఇసుకను దింపుతుంది, అన్నిటికంటే మెత్తని ఒండ్రును సముద్రం దాకా మోసుకుపోతుంది. పెన్న దాదాపు 600 కిలోమీటర్లలో చేసే పని నా ముందు మూడు గిన్నెలలో జరుగుతోంది. డెల్టా ఎలా ఏర్పడుతుందో పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్నదానికీ, గిన్నె వంచుతూ చేతికి తగిలిన బరువుతో నేర్చుకున్నదానికీ చాలా తేడా ఉంది. ఒక్కో మన్నుకు ఒక్కో స్వభావం ఉంటుంది. నల్లరేగడి మందంగా పూస్తే కాగితం మీద కూడా చేలో లాగే ఎండి నెర్రెలు విచ్చుతుంది. అలలు చిట్లే చోట ఆ నెర్రెలను నేను చెరపకుండా అలాగే ఉంచుతాను. పసుపుమన్నును ఇనుప పెనం మీద వేడి చేస్తే మెల్లగా ఎరుపెక్కుతుంది. దానిలోని నీటి అంశం పోయి ఇనుప ఖనిజం రూపు మారడమే అందుకు కారణం. ఒకే మన్నును కొద్దిగా, మరికొద్దిగా, ఇంకా ఎక్కువగా వేడి చేసి, పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా పన్నెండు ఛాయలు తీశాను. వేడెక్కుతున్న సముద్రం మీది ఆకాశాన్ని ఆ పన్నెండు ఛాయలతోనే వేస్తున్నాను. ఆ ఆకాశంలో కనిపించే ఎరుపు ప్రతి ఒక్కటీ నిజంగా వేడి తగిలి పుట్టినదే.

వేడెక్కిన సముద్రం తీరంలోనే ఆగిపోదు, మా గడపలోకి కూడా వస్తుందని 2021 నవంబరు 19న కళ్ళారా చూశాం. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం ఆ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది. దాని వానలకు అప్పటి కడప జిల్లాలో పింఛా కట్ట, దాని వెంటనే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయాయి. మందపల్లె, పులపత్తూరు, తొగూరుపేట వంటి ఊళ్ళ మీదికి నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడి, మనుషులనూ పశువులనూ ఇళ్ళనూ తీసుకుపోయాయి. 1977లో దివిసీమను ఉప్పెన ముంచి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన రోజు కూడా నవంబరు 19వ తేదీయే. తేదీ కలవడం యాదృచ్ఛికమని తెలుసు, అయినా ఆ రెంటినీ విడదీసి తలచుకోవడం నాకు సాధ్యం కావడం లేదు. ఒకటి తీరపు ఊళ్ళ దుఃఖం, రెండోది తీరానికి అంత దూరాన ఉన్న మా ఊళ్ళ దుఃఖం. రెండిటికీ పుట్టిల్లు ఒకే సముద్రం.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఒక వానను చూపించి, ఇది వాతావరణ మార్పు చేసిన పనేనని తేల్చి చెప్పడం సరికాదు. కట్టలు ఎందుకు తెగాయన్నది నిర్వహణకు సంబంధించిన వేరే ప్రశ్న. అయితే వెనుక నడుస్తున్న యంత్రాంగం మాత్రం స్పష్టంగానే ఉంది. భూమి మీద అదనంగా చేరుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే తీసుకుంటున్నాయి. తుఫాను పుట్టాలంటే సముద్రపు పైపొర కనీసం దాదాపు 26.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. బంగాళాఖాతం ఏడాదిలో ఎక్కువ కాలం అంతకంటే వెచ్చగానే ఉంటుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అంటే అదే వాయుగుండం మరింత బరువైన వానను మోసుకొస్తుంది. పశ్చిమ కనుమల నీడలో ఉండి ఏళ్ళ తరబడి చినుకు కోసం ఎదురుచూసే మా నేల మీద ఆ బరువంతా రెండు రోజుల్లో కుమ్మరిస్తే, దాన్ని పట్టుకోవడానికి వంకలూ చెరువులూ కట్టలూ ఏవీ సరిపోవు.

వరద తీసిన మూడు వారాల తరువాత చెయ్యేటి ఒడ్డు ఊళ్ళకు వెళ్ళాను. కుంచె పట్టే ఉద్దేశం లేదు, మిత్రులతో కలిసి దుప్పట్లూ గిన్నెలూ పంచడానికి వెళ్ళాం. నిలిచి ఉన్న ప్రతి ఇంటి గోడ మీదా ఒకే మట్టంలో మన్ను గీత ఉంది. గీత కింద గోడ బురదరంగు, పైన సున్నపు తెలుపు. ఒక ఇంటి ముందు నేను ఆ గీత వైపే చూస్తుండడం గమనించి ఆ ఇంటి పెద్దామె, "కడుగుదామని బకెట్టు తీసుకుంటి నాయనా, చెయ్యి రాలేదు. మా ఎనుములు రెండూ ఆ గీత కిందనే కదా పోయినాయి" అంది. ఆమె అనుమతితోనే ఆ గుమ్మం పక్కన పేరుకున్న ఒండ్రును ఒక డబ్బాలో తెచ్చుకున్నాను. స్కాట్లాండు పశ్చిమ దీవులలోని లోక్‌మ్యాడీ అనే తీరపు ఊరిలో పెక్కా నిట్టివిర్తా, టిమో అహో అనే ఫిన్లాండు కళాకారులు ఇళ్ళ గోడల మీదుగా వెలుగు గీతలు అమర్చారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు అవి వెలిగి, రాబోయే కాలంలో నీళ్ళు ఎంత ఎత్తుకు చేరవచ్చో చూపించేవి. ఆ ఫొటోలు చూసినప్పుడు ఆ ఆలోచన ఎంతో గొప్పదనిపించింది. వాళ్ళు వెలుగుతో గీసినది రాబోయేదాని గుర్తు. మా గోడల మీద ఒండ్రు గీసినది వచ్చిపోయినదాని గుర్తు. ఆ డబ్బా మన్నుతో నేను వేసిన చిత్రంలో వేరే ఏమీ లేదు. ఆరడుగుల తెల్ల కాగితానికి అడ్డంగా, ఆ గోడ మీద ఉన్న ఎత్తులోనే, ఒక్క గీత.

తీరాన్ని చిత్రించేవాడు ఉప్పాడకు పోకుండా ఉండలేడు. కాకినాడకు దగ్గరలోని ఆ నేతగాళ్ళ, మత్స్యకారుల ఊరు ఏళ్ళుగా సముద్రానికి ఇళ్ళనూ గుడులనూ వీధులనూ ఒప్పజెబుతోంది. 2017 నుంచి ఏటా ఒకసారి అక్కడికి పోయి, తీరపు రోడ్డు మీద ఒకే చోట నిలబడి, ఒకే కొలత కాగితం మీద, ఒకే దిక్కు చూస్తూ బొమ్మ వేస్తున్నాను. మొదటి ఏడు బొమ్మలో కుడివైపున ఒక పెంకుటిల్లు ఉంది. రెండో ఏడు దాని వెనుక గోడ లేదు. మూడో ఏడు మొండి పునాది మాత్రమే. ఆ తరువాతి బొమ్మలలో అక్కడ నీళ్ళున్నాయి. తీరాన్ని కాపాడడానికి వేసిన జియోట్యూబు గోడ, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల కట్ట, చీలి ఇసుక కారిపోయింది. తుఫాను వస్తే అలలు రక్షణగా పోసిన రాళ్ళనే ఎత్తి రోడ్డు మీద వేస్తాయి. ఒకసారి నా పక్కన నిలబడి బొమ్మ చూసిన ఒక నడివయసు ఆయన, "ఆ ఇల్లు మా మావయ్యగారిదండీ. మీరు ముందటేడు వేసింది ఉంటే ఒక ఫొటో తీసుకుంటానండి, మా దగ్గర ఏదీ లేదు" అన్నాడు. మరుసటి ఏడు ఆ బొమ్మకు నకలు వేసి తీసుకుపోయి ఇచ్చాను. నా చిత్రాలలో ఒక ఇంట్లో నిజంగా అవసరమైనది అదొక్కటేనేమో.

ఉప్పాడ కోతనంతా వాతావరణ మార్పు ఖాతాలో రాయడం మాత్రం నాకు ఇష్టం లేదు. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరుగుతున్న తీరు అలల దిశను మార్చి ఉప్పాడ మీదికి మళ్ళిస్తోందని, అక్కడికి చేరవలసిన ఇసుకను ఆపుతోందని పరిశోధకులు చెబుతున్నారు. ఓడరేవుల కట్టడాలూ ఇసుక నడకకు అడ్డు తగులుతాయి. విశాఖలో అవుటర్ హార్బరు కట్టాక దానికి ఉత్తరాన ఉన్న బీచి కోతకు గురైంది, తవ్వి తీసిన ఇసుకను తెచ్చి అక్కడ పోయవలసి వచ్చింది. నదుల మన్ను ఆగడం ఒకటి, ఇసుక నడక ఆగడం ఇంకొకటి. ఈ రెండిటి వల్ల ముందే బలహీనపడిన దరి మీదికి పెరుగుతున్న సముద్రం ఎక్కివస్తోంది. కళాకారుడు దుఃఖాన్ని పెద్దది చేసి చూపడానికి కారణాలను ఒకటిగా కుదించకూడదని నా అభిప్రాయం. చూసేవాళ్ళు ఒకసారి మోసపోయామనుకుంటే తరువాత నిజాన్నీ నమ్మరు.

పెరుగుతున్న మట్టాన్ని కంటికి చూపడం ఎలాగన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువగా వేధించిన ప్రశ్న. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006, 2018 మధ్య ఏడాదికి సుమారు 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. 20 సెంటీమీటర్లంటే జానెడుకు కొంచెం తక్కువ. ఈ అంకె చెబితే మా ఊళ్ళో ఎవరూ చలించరు, "అంతేనా?" అంటారు. అందుకని చిత్రం అడుగు అంచున ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల మందాన ఒక్కో మన్ను పట్టీ వేశాను. పన్నెండేళ్ళకు పన్నెండు పట్టీలు, మొత్తం నాలుగున్నర సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. దాని పక్కనే నేల మీద ఒక వాలు చెక్కను పెట్టాను. నూరడుగులకు ఒక అడుగు లేచే వాలు అది, మన డెల్టా తీరాలు చాలాచోట్ల అంతకంటే చదునుగా ఉంటాయి. అలాంటి వాలు మీద మట్టం 20 సెంటీమీటర్లు పెరిగితే నీటి అంచు 20 మీటర్లు లోపలికి జరుగుతుంది. ప్రొద్దుటూరు గదిలో సుద్దముక్కతో ఆ 20 మీటర్లు కొలవబోతే గది చాలక గీత మెట్ల మీదుగా వీధిలోకి పోయింది. జానెడు అంటే ఏమిటో అప్పుడు చూసేవాళ్ళ ముఖాలలో కనిపించింది.

ఈ చిత్రాలను రెండేళ్ళ కిందట ఒక పెద్ద నగరంలోని గ్యాలరీకి పంపాను. సముద్రం సముద్రంలా లేదని, కొనేవాళ్ళు నీలం కోరుకుంటారని చెప్పి తిప్పి పంపారు. కొన్ని రోజులు మనసు చాలా కష్టపడింది. అయితే వీటిని చూడవలసిన మొదటి మనుషులు పెన్న పరీవాహకంలోనే ఉన్నారని, ఆ మన్ను వాళ్ళదేనని అనిపించి, అప్పటినుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, నందలూరు వంటి ఊళ్ళలోనే, బడుల్లోనూ మండపాల్లోనూ చూపిస్తున్నాను. వచ్చేటప్పుడు తమ చేని మన్ను ఒక పిడికెడు తెచ్చేవాళ్ళు కూడా ఇప్పుడిప్పుడే మొదలయ్యారు. ప్రతి పొట్లం మీద ఊరి పేరు, వంక పేరు, తేదీ రాసి గూట్లో పెడుతున్నాను.

ప్రస్తుతం వేస్తున్నది పన్నెండడుగుల చిత్రం, పెన్నేటి మొగ. ఎడమ చివర నంది కొండల నుంచి తెచ్చిన ఎరుపు, దాని తరువాత వరుసగా చిత్రావతి, కుందూ, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు, కుడి చివర ఊటుకూరు ఇసుక. మధ్యలో మూడడుగుల మేర కాగితం ఇంకా తెల్లగానే ఉంది. అది సోమశిల చోటు. జలాశయం అడుగున దిగిన ఒండ్రుతోనే దాన్ని నింపాలని అలా వదిలాను. ఈ ఏడాది వెనుకజలాలు ఎక్కువగా ఉండి నేను పోయినప్పుడు నేల బయటపడలేదు. అట్లూరు వైపు గట్టు మీద నిలబడి, నా మన్ను ఉన్న చోటును నీటి మీదుగా చూసి వచ్చాను. మే నెలలో నీళ్ళు తగ్గితే అక్కడ పశువులు మేపుకునే ఒకాయన ఫోను చేస్తానన్నాడు.